కంప్యూటర్ మూసేటప్పుడు వచ్చే తకరారు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, మెడికల్ రీయింబర్స్‌మెంటు వంటి పెద్ద విషయాల మధ్య నాకొక పావుగంట ఇచ్చి, "కంప్యూటర్ గురించి ఏదైనా చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. ఏదైనా అంటే అంతూ పొంతూ ఉండదు. అందుకని ఒకే ఒక్క సంగతి ఎంచుకున్నాను. కంప్యూటర్ ఆపుదామంటే ఎంతకీ ఆగకపోవడం, యూజర్ ప్రొఫైల్ అంటూ ఏదో హెచ్చరిక నమోదు కావడం, మర్నాడు తెరిస్తే తెర బోసిగా ఉండడం. సర్వీసులో చివరి పదేళ్లూ ఆఫీసు కంప్యూటర్ విభాగం చూశాను కాబట్టి, మన సభ్యులు నాకు చేసే ఫోన్లలో సగం దీని గురించే.

ముందు ఈ ప్రొఫైల్ ఏమిటో మనవి చేస్తాను. మనందరికీ ఆఫీసులో సర్వీసు రిజిస్టరు ఉండేది. విండోస్ కూడా తనను వాడే ప్రతి మనిషికీ అలాంటి రిజిస్టరు ఒకటి తెరుస్తుంది. దాని పేరు ఎన్‌టీయూజర్.డాట్. సి డ్రైవులో యూజర్స్ అనే ఫోల్డరు, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డరు, దాంట్లో మామూలుగా కంటికి కనబడకుండా ఉంటుంది. మీ తెరమీది బొమ్మ ఏది, మీ ప్రింటరు ఏది, ఏ ప్రోగ్రామును మీరెలా అమర్చుకున్నారు, ఇవన్నీ అందులోనే. మీరు లోపలికి రాగానే విండోస్ దాన్ని బీరువాలోంచి తీసి బల్లమీద పెడుతుంది. మీరు వెళ్లేటప్పుడు తిరిగి బీరువాలో పెట్టాలి. ఈ పెట్టడాన్నే అన్‌లోడ్ అంటారు.

సాయంత్రం అయిదున్నరకు రికార్డు అసిస్టెంటు తాళంచెవి పట్టుకుని నిలబడితే, ఒక గుమాస్తా మాత్రం ఫైలు వదలక ఇంకా రాసుకుంటూ ఉండడం మనం చూడనిదా? ఇక్కడా అంతే. యాంటీవైరస్సో, ప్రింటరుతో వచ్చిన ప్రోగ్రామో ఆ రిజిస్టరును పట్టుకుని కూర్చుంటుంది. ఎక్స్‌పీ రోజుల్లో అయితే "సేవింగ్ యువర్ సెట్టింగ్స్" అన్న మాట తెరమీద అలా నిలబడిపోయేది. లోపలి లాగ్‌లో 1517 నంబరు హెచ్చరిక పడేది. దానికి మైక్రోసాఫ్టు వారే యూపీహెచ్‌క్లీన్ అనే చిన్న ప్రోగ్రాము ఉచితంగా ఇచ్చారు. 2007లో జనం చేతికొచ్చిన విస్టా నుంచి ఆ పని విండోసే చేసుకుంటోంది. ఎవరు పట్టుకున్నా సరే, చేతిలోంచి లాక్కుని మూసేసి, 1530 నంబరుతో ఒక హెచ్చరిక రాసి పెడుతుంది. కనుక ఆ పాత మందు ఇప్పటి యంత్రాలకు అక్కర్లేదు. ఎవరైనా వేస్తామన్నా వద్దనండి.

ఆ 1530 ఎప్పుడో ఒకసారి కనబడితే పట్టించుకోనక్కర్లేదు. రోజూ వస్తూ, మూయడానికి నిమిషాలకు నిమిషాలు పడుతుంటే మాత్రం చూడాలి. స్టార్ట్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని టైపు చేసి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అన్నది తెరవండి. ఆ హెచ్చరిక మీద నొక్కితే, రిజిస్టరు వదలని ప్రోగ్రాము పేరు అందులోనే ఉంటుంది. మెమో ఎవరికి ఇవ్వాలో విండోసే చెబుతోందన్నమాట. కొన్నిసార్లు ఎస్‌వీసీహోస్ట్ అని మాత్రమే కనబడుతుంది. అది విండోస్ సొంత మనిషి, దాని చాటున ఎవరున్నారో వెతకాలి. నా అనుభవంలో దోషి చాలాసార్లు ఒకే యంత్రంలో ఉన్న రెండో యాంటీవైరస్, లేదా ఎప్పుడో అమ్మేసిన ప్రింటరు తాలూకు మిగిలిపోయిన ప్రోగ్రాము. అక్కర్లేనిది తీసేయండి, కావలసినదాన్ని కొత్త వెర్షనుకు మార్చండి.

ఇంకొకటి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంది. అది పనిచేస్తున్న యంత్రంలో షట్‌డౌన్ నొక్కితే మనల్ని బయటికి పంపుతుంది గాని, విండోస్ గుండెకాయ భాగం పూర్తిగా ఆరిపోదు, నిద్రపోతుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. అందుకే రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పోని తకరారు ఒక్క రీస్టార్టుతో పోవడం కద్దు.

ఇక అసలు భయమంతా ఎక్కడంటే, మూయడం ఆలస్యమైందని గోడ దగ్గర స్విచ్చి కట్టేస్తాం. లేదా కరెంటే పోతుంది. విండోస్ తెలివైనది, ఆవర్జాతోపాటు చిట్టా కూడా రాసుకుంటుంది కనుక చాలాసార్లు సర్దుకుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు సర్దుకోలేదు. మర్నాడు రిజిస్టరు తెరుచుకోకపోతే, మీకొక తాత్కాలిక ప్రొఫైల్ ఇస్తుంది. తెరమీద మీ ఫైళ్లు ఉండవు, మనవరాలి బొమ్మ ఉండదు. అంతా పోయిందనిపిస్తుంది.

పోలేదండీ! మన సభ్యులొకరికి ఇలాగే అయింది. బకాయిల కోసం ఏళ్ల తరబడి నడిపిన ఉత్తరాలు, పీపీఓ నకలు, కాలం చేసిన ఆయన శ్రీమతిగారి ఫోటోలు అన్నీ ఆ యంత్రంలోనే. దగ్గరలోని రిపేరు షాపుకు తీసుకువెళ్తే, అతను "సిస్టం కరప్టు" అని ఫార్మాటు చేసి, శుభ్రంగా విండోస్ వేసి ఇచ్చాడు. నాకు కబురు వచ్చేసరికి మిగిలింది ఆ కొత్త విండోసే. ఉత్తరాల నకళ్లు ఆఫీసులో అడిగి కొన్ని తెచ్చుకోగలిగారు. ఫోటోలు ఎవరిని అడుగుతారు? ఫార్మాటుకు ముందు ఆ షాపతను ఒక్క ఫోల్డరు తెరిచి చూసుంటే అన్నీ అక్కడే కనబడేవి.

కాబట్టి బోసి తెర కనబడితే, ఆ తాత్కాలిక ప్రొఫైల్లో కొత్తగా ఏదీ దాచకండి. మీరు బయటికి రాగానే అది చెరిగిపోతుంది. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేయండి, తరచు దాంతోనే సర్దుకుంటుంది. లేకపోతే సి డ్రైవు, యూజర్స్, మీ పేరు, ఈ వరుసలో వెళ్లి ఫైళ్లు ఉన్నాయో లేదో చూసుకుని, పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోండి. ఆ తర్వాతే మరమ్మతు. తెలిసినవాళ్లు రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అన్నచోట, చివర డాట్ బ్యాక్ అని ఉన్న పద్దును సరిచేస్తారు. అది మీరు చేయవద్దు. చేసేవారిని మాత్రం, మొదలెట్టే ముందు రిజిస్ట్రీ నకలు తీశారా అని అడగండి. "ఫార్మాటు" అన్న మాట ఎవరినోటైనా వస్తే యంత్రం తిరిగి ఇంటికి తెచ్చేయండి.

భోజనాలయ్యాక వెనక వరండాలో కూర్చుంటాను. ల్యాప్‌టాప్ తెచ్చినవారు ఛార్జరు కూడా పట్టుకు రండి.