బయానా ఇచ్చే ముందు



సంతలో వంకాయలు కొనాలంటే తిప్పి చూస్తాం. పుచ్చు ఉందేమోనని వెతుకుతాం. చీర కొనాలంటే వెలుతురులోకి తీసుకుపోయి కొంగు విప్పి చూస్తాం. ఇల్లు మాత్రం మగవాళ్ళు చూసివస్తే చాలనుకుంటాం. ఆ ఇంట్లో పొద్దంతా ఉండేది ఎవరు? అక్కడ నీళ్ళు మోసేది ఎవరు?

ఒక అక్క ఉందనుకుందాం. ఐరాల పక్క పల్లె ఆమెది. కాణిపాకం గుడి దగ్గర పూలు అమ్ముకుని బతకాలని ఆశ. కాణిపాకం మన ఐరాల మండలమే గదా! అక్కడ ఒక చిన్న మిద్దె ఉంది. బాడుగకైనా ఇస్తాం, కొంటే అమ్ముతాం అన్నారు. భర్త సాయంత్రం పూట పోయి చూసివచ్చాడు. "బాగుంది. సున్నం కూడా కొత్తగా కొట్టినారు. రేపే బయానా ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ బయానా పాడి ఆవును అమ్మిన డబ్బు.

"నేను పగలు పోయి చూస్తా" అనింది ఆమె.

వాన వెలిసిన మరునాడు పోయింది. ఇల్లు చూడడానికి అంతకన్నా మంచి రోజు లేదు. గోడలకు కింది భాగంలోనే కొత్త సున్నం ఉంది. ఎందుకని చెయ్యి పెట్టి చూసింది. చల్లగా తగిలింది. గోరుతో గీకితే పొట్టులాగా రాలింది. అంటే నేలలోని చెమ్మ గోడకు ఎక్కుతోంది. పైకి చూసింది. శ్లాబు మీద మరకలు. ఒకచోట సిమెంటు ఊడి కమ్మీ బయటపడింది. కమ్మీకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును పగలగొడుతుంది. సున్నం కొడితే ఆ జబ్బు పోదు. గోడల్లో వెంట్రుక లాంటి బీటలు ఉంటే సాధారణంగా అవి పైపూతలోనివే. రూపాయి బిళ్ళ దూరేంత బీట ఉంటే మాత్రం మేస్త్రీని పిలిచి చూపించాల్సిందే.

తర్వాత పక్కింటామెతో మాట కలిపింది. ఇల్లు అమ్మేవాళ్ళు చెప్పనిది పక్కింటివాళ్ళు చెబుతారు. "ఎండాకాలం బోరులో నీళ్ళు వస్తాయా? పెద్ద వాన పడితే నీళ్ళు ఎంతదాకా వస్తాయి?" అని అడిగింది. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. రాయలచెరువు కట్టకు నీరు కారుతుంటే కింది పల్లెలను ఖాళీ చేయించారు. చెరువులోనో వంకలోనో ఇల్లు కడితే నీళ్ళు తమ పాత దారి వెతుక్కుంటూ వస్తాయి. వాస్తు చూసేవాళ్ళు వాకిలి ఏ దిక్కుకు ఉండాలో చెబుతారు. వాన నీళ్ళు ఏ దిక్కుకు పోతాయో మనమే చూసుకోవాలి.

మరుగుదొడ్డికి లోపల గడియ ఉందా, వంటింట్లో పొగ పోయే దారి ఉందా, కరెంటు బిల్లు బాకీ ఉందా, అవీ చూసింది.

ఇక కాగితాలు. ఓనరు జిరాక్సు చూపించాడు. "అసలు దస్తావేజు ఏదన్నా?" అనింది. అసలుది తాకట్టులో ఉండవచ్చు గదా! సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ అని ఒక కాగితం ఇస్తారు. ఆ ఇల్లు ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నది అందులో ఉంటుంది. రిజిస్టరు కాని అప్పులు అందులో కనబడవు. అందుకే ఈసీ చూసినా అసలు దస్తావేజు అడగాలి. డి.కె.టి. పట్టా అయితే మరీ జాగ్రత్త. అది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి. ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోదు. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి. ఆ పట్టాకు అవి వర్తిస్తాయో లేదో తాసిల్దారు ఆఫీసులోనే అడగాలి.

"ఇది మీ తాత కట్టిన ఇల్లు గదా! మీ అక్కచెల్లెళ్ళు సంతకం పెడతారా?" అని కూడా అడిగింది.

"వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసి పంపించేసినాం. వాళ్ళ సంతకం ఎందుకు?" అన్నాడు ఓనరు.

ఎందుకంటే, తాతల ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు ముందే వచ్చింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని మార్చి దేశమంతటా పెళ్ళయిన కూతుళ్ళకు కూడా ఇచ్చారు. వాళ్ళను అడగకుండా కొంటే రేపు వాళ్ళు కోర్టుకు పోవచ్చు. అది వాళ్ళ తప్పు కాదు. ఆమె కూడా ఒక ఇంటి కూతురే గదా!

కొనే మాట పక్కన పెట్టింది. శ్లాబు బాగుచేయిస్తే పదకొండు నెలలు బాడుగకు ఉంటామనింది. మన రాష్ట్రంలో బాడుగ కాగితం ఎన్ని నెలలకు రాసుకున్నా రిజిస్టరు చేయించాలి. 

శ్లాబు బాగయింది. కాగితం తయారయింది. అడ్వాన్సు ఎంతో రాయాల్సిన చోట ఖాళీ వదిలిపెట్టారు. "అంకె వెయ్యండి. అక్షరాల్లో కూడా రాయండి" అనింది. రాసినాక ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివింది. బస్సు పోతుందని భర్త తొందరపెడుతున్నాడు. ఆమె రెండో పేజీ తిప్పింది.