మారే ప్రభుత్వాలు, నిలవవలసిన వక్ఫ్
(నరసరావుపేటలో ముతవల్లీలు, మస్జిదు కమిటీల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి మస్జిదులకు ప్రభుత్వాలు మారడం కొత్త కాదు. కర్ణాటక నవాబుల ఏలుబడిలోని ఈ సీమ 1801లో కంపెనీ పాలనలోకి వచ్చింది. 1817లో మద్రాసు ప్రభుత్వం మస్జిదుల, దేవాలయాల మాన్యాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1863 చట్టంతో ఆ భారాన్ని దించుకొని కమిటీలకు వదిలింది. స్వతంత్ర భారతంలో 1954, 1995 చట్టాలు వక్ఫ్ బోర్డులకు ఆధారమైనాయి.

ఈ మార్పులన్నిటిలో మన ఆస్తులకు అండగా నిలిచినది వ్రాత. ఇనాం కమిషన్ నాడు వ్రాయించిన రిజిస్టరునే నేటికీ కబరస్తాన్ కోసం, ఈద్గా కోసం వాదించే వకీలు మొదట వెదకుతాడు.

2025 ఏప్రిల్ 8న సవరణ చట్టం అమలులోకి వచ్చింది. చిరకాల వినియోగం చేత వక్ఫ్ అయినదన్న సూత్రం ఇకపై కొత్తవాటికి చెల్లదు. అంతకు ముందే నమోదైనవి, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి మాత్రమే నిలుస్తాయి. వక్ఫ్ ఆస్తులను కాలపరిమితి చట్టం నుండి కాపాడిన 107వ సెక్షన్ తొలగిపోయింది. ఆక్రమణను చూస్తూ ఊరకున్న ప్రతి సంవత్సరమూ ఇక ఆక్రమణదారుని పక్షాన చేరుతుంది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపివేసినది గాని, వీటిని నిలపలేదు. ఉమీద్ పోర్టల్‌లో నమోదు బాధ్యతనూ తప్పించలేదు.

న్యాయపోరాటం సాగవలసిందే. అయితే తీర్పు వచ్చేవరకు చేతులు కట్టుకొని కూర్చుంటే, తీర్పు అనుకూలమైనా చూపించడానికి భూమి మిగలదు. చట్టాన్ని ప్రశ్నించడమూ, చట్టం అడిగిన కాగితం సిద్ధం చేసుకోవడమూ పరస్పర విరుద్ధాలు కావు.

మరొక మాట. ఇమాములకు, మౌజన్లకు రాష్ట్ర ప్రభుత్వం గౌరవవేతనం ఇస్తున్నది. దానిని స్వీకరించడంలో తప్పు లేదు. కాని దానిని చూసి జమాఅత్ తన చందా మానుకుంటే, ఇమాము మన ముఖం వైపు కాక ఖజానా వైపు చూడవలసి వస్తుంది.

అప్పును సైతం వ్రాసి పెట్టుకొమ్మని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. మనిషి అప్పుకే అంత వ్రాత అవసరమైతే, అల్లాహ్ పేర వదలిన ఆస్తికి ఎంత కావాలి?

మాచర్లలోనైనా, గురజాలలోనైనా ప్రతి కమిటీ ఇనాం రిజిస్టరు, వక్ఫ్ గెజిట్, అడంగల్ నకళ్లను ఒకచోట చేర్చాలి. హద్దులు కొలిపించాలి. జమాఖర్చులను జుమా నమాజు తరువాత అందరికీ చదివి వినిపించాలి. సంఘానికి లెక్క చెప్పిన ముతవల్లీ ప్రభుత్వానికి లెక్క చెప్పడానికి జంకడు.