ఒక్క ల్యాపు చూసి చెప్పొద్దు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

“సైన్సు విషయం ఏదైనా పది నిమిషాలు మాట్లాడు, కానీ పిల్లలు నిద్రపోకూడదు” అని మన కార్యదర్శి షరతు పెట్టాడు. అందుకని కారు రేసుల గురించి మాట్లాడతాను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మీలో కొందరు చూసే ఉంటారు. అవి బ్యాటరీ కార్లు. నేను చెప్పబోయేది ట్యాంకులో ఇంధనం పోసుకుని పరుగెత్తే ఫార్ములా వన్ కార్ల గురించి.

ప్రతి ఏడాదీ మొదటి రేసుకు ముందు టీములన్నీ కొత్త కార్లను ట్రాక్ మీద పరీక్షించుకుంటాయి. 2019లో బార్సిలోనాలో ఎనిమిది రోజులు పరీక్షించారు. 2023లో బహ్రెయిన్‌లో మూడు రోజులే ఇచ్చారు. రోజూ సాయంత్రానికి ఎవరి అత్యుత్తమ ల్యాపు ఎంతో ఒక పట్టిక వస్తుంది. అది చూడగానే ఈ ఏడు కప్పు ఎవరిదో చెప్పేయాలని అందరికీ ఉబలాటం. ప్రీ-ఫైనల్ మార్కులు చూసి పిల్లవాడి జాతకం చెప్పేసినట్టన్న మాట.

2019 పట్టిక చూద్దాం. ఎనిమిది రోజుల్లో అందరికన్నా వేగంగా తిరిగింది ఫెరారీలో వెటెల్. సమయం 1 నిమిషం 16.221 సెకన్లు. మెర్సిడెస్‌లో హామిల్టన్‌ది 1 నిమిషం 16.224. తేడా సెకనులో వెయ్యింట మూడు వంతులు. ఫెరారీదే పైచేయి అని చాలామంది తేల్చేశారు. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో రేసు జరిగితే మొదటి రెండు స్థానాలూ మెర్సిడెస్‌వి. వెటెల్ నాలుగోవాడు, గెలిచిన బొటాస్‌కు దాదాపు 57 సెకన్లు వెనక. ఆ తర్వాత వరుసగా మరో నాలుగు రేసుల్లోనూ మొదటి రెండు స్థానాలు మెర్సిడెస్‌కే దక్కాయి.

మరి పట్టిక అబద్ధం చెప్పిందా? లేదు. అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పదు, అంతే. ముఖ్యంగా కారులో ఎంత ఇంధనం ఉందో అది చెప్పదు. 2019లో రేసుకు గరిష్ఠంగా 110 కిలోల ఇంధనం వాడనిచ్చేవారు. సుమారుగా 10 కిలోల ఇంధనం బరువు ఒక ల్యాపులో సెకనులో మూడు పదోవంతులు తినేస్తుంది. అంటే నిండు ట్యాంకుతో తిరిగిన కారుకూ, అడుగంటిన ట్యాంకుతో తిరిగిన కారుకూ మూడు సెకన్ల పైనే తేడా. మనం వాదులాడుకుంటున్నది సెకనులో వెయ్యింట మూడు వంతుల గురించి! దీనికి తోడు ఎవరు మెత్తటి టైరు వేసుకున్నారు, ఎవరు ఇంజను శక్తి తగ్గించి నడిపారు, ఎవరు ఎండలో తిరిగారు, ఎవరు చల్లబడ్డాక తిరిగారు అన్నవన్నీ ఉంటాయి. కావాలనే వేగం దాచుకునేవాళ్లు కొందరు, స్పాన్సర్ల కోసం లేని వేగం చూపించేవాళ్లు కొందరు.

ఇక్కడే నాకు మన సైన్సు ల్యాబు గుర్తొస్తుంది. లఘులోలకం ప్రయోగం చేసేటప్పుడు నేను ఒక్క డోలనానికి పట్టిన కాలం కొలిచి, “అయిపోయింది మాస్టారూ” అన్నాను. మాస్టారు నా రికార్డు పుస్తకం మూసేసి, “ఇరవై డోలనాలు లెక్కపెట్టి ఇరవైతో భాగించరా. ఒక్కటి చూసి చెప్పేవాడు సోది చెప్పుకోవాలి” అన్నారు. గుండు మార్చినప్పుడు దారం పొడవు మారకూడదని కూడా ఆయనే చెప్పారు.

రేసు ఇంజనీర్లు చేసేది అదే. ఒక్క ల్యాపును పక్కన పెట్టి వరుస ల్యాపులు చూస్తారు. ఒకే రకం టైరు మీద, ఒకే పూట తిరిగినవాటినే పోలుస్తారు. బహ్రెయిన్ రేసు 57 ల్యాపులు. 110 కిలోలను 57తో భాగిస్తే ల్యాపుకు రెండు కిలోలకు కొంచెం తక్కువ. కాబట్టి టైరు అరగకపోతే ప్రతి ల్యాపూ ముందుదానికన్నా సుమారు 0.06 సెకను తగ్గాలి. పదిహేను ల్యాపుల పాటు సమయం తగ్గకుండా అలాగే ఉందంటే, దాదాపు 0.9 సెకను టైరు అరుగుదలకు పోయిందని లెక్క. ట్యాంకులో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది అంటారా? రేసుల్లో మధ్యలో ఇంధనం నింపడం 2010 నుంచి నిషిద్ధం. పరీక్షలో కూడా ఏ కారైనా మధ్యలో నింపుకోకుండా రేసు దూరమంతా తిరిగితే, అది నిండు ట్యాంకుతో బయల్దేరినట్టే కదా. ఆ పరుగు ఒక్కటే దాచడానికి వీల్లేనిది. 2023లో బహ్రెయిన్ పరీక్షల్లో ఆస్టన్ మార్టిన్ వరుస ల్యాపులు చూసినవాళ్లు అలొన్సో ముందుంటాడన్నారు. అంతకుముందు ఏడాది ఏడో స్థానంలో ఉన్న టీమ్ అది. మొదటి రేసులోనే అలొన్సో మూడో స్థానంలో నిలిచాడు.

అలాగని అన్నిటినీ అనుమానించడం కూడా తెలివి కాదు. 2001 ఆరంభంలో ప్రోస్ట్ టీమ్ పరీక్షల్లో వేగంగా కనిపించి, సీజన్ మొత్తంలో నాలుగే పాయింట్లు తెచ్చుకుంది. మరుసటి ఏడు మొదట్లోనే మూతపడింది. 2009 మార్చిలో బ్రాన్ టీమ్ అందరికన్నా వేగంగా తిరిగినప్పుడు చాలామందికి ఆ అనుమానమే వచ్చింది. హోండా వదిలేసి వెళ్లిన టీమ్, కారు మీద స్పాన్సర్ల పేర్లు కూడా పెద్దగా లేవు. కానీ మెల్‌బోర్న్‌లో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే. మొదటి ఏడు రేసుల్లో ఆరు బటన్ గెలిచాడు. డ్రైవర్ కప్పూ, టీమ్ కప్పూ రెండూ వాళ్లకే వచ్చాయి.

ఇంకో మాట. 2014లో హెరెత్‌లో నాలుగు రోజుల పరీక్షలో మెర్సిడెస్ 309 ల్యాపులు తిరిగితే రెడ్‌బుల్ తిరిగింది 21. మెర్సిడెస్ ఆ ఏడాది 19 రేసుల్లో 16 గెలిచింది. ఆగకుండా తిరగడం కూడా ఒక బలమే. అయితే మిగిలిన ఆ మూడు రేసులు గెలిచింది, టీముల్లో రెండో స్థానంలో నిలిచింది ఎవరనుకున్నారు? ఆ రెడ్‌బుల్లే. పరీక్ష ఆ రోజు స్థితి చెబుతుంది. తర్వాత చేసే మరమ్మతు సంగతి చెప్పదు.

ఇదంతా నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక ఎత్తిపోతల పంపును పరీక్షించడానికి నన్ను పంపారు. అరగంట నడిపించాను. నీళ్లు బాగా పోస్తోంది, కంపనం లేదు, బేరింగు వేడి తక్కువగానే ఉంది. కాగితాల మీద సంతకం పెట్టి సాయంత్రం బస్సు ఎక్కేశాను. బేరింగు వేడి నిలకడకు రావడానికి గంటలు పడుతుందని నాకు తెలియక కాదు. బస్సు తప్పిపోతుందని తొందర. తొమ్మిదో రోజున బేరింగు కాలిపోయింది. అప్పటికే నాట్లు పడ్డాయి. విడిభాగం వచ్చి మళ్లీ నీళ్లు పారేసరికి మూడు వారాలు. చివరి మడులు ఎండిపోయాయి. నేను మళ్లీ వెళ్లినప్పుడు ఒక పెద్దాయన కోపంగా ఏమీ అనలేదు. “అరగంటే చూశారంట కదా బాబూ?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మాస్టారు నా రికార్డు పుస్తకం మూసేసిన చప్పుడు ఆ రోజు గట్టు మీద మళ్లీ వినిపించింది. ఆ తర్వాత ఈ ముప్పై ఏళ్లలో బేరింగు వేడి నిలకడకు వచ్చిందాకా ఏ పంపు కాగితం మీదా సంతకం పెట్టలేదు. బస్సులు చాలా తప్పిపోయాయి.

పిల్లలూ, మీ మార్కులు కూడా ఒక పట్టికే. ఇంట్లో పని చేసి, నాలుగు మైళ్లు సైకిలు తొక్కి వచ్చి రాసినవాడి ట్యాంకు నిండుగా ఉంటుంది. అది పట్టికలో కనిపించదు. టీచర్లకూ తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. ఒక్క ల్యాపు చూసి ఎవరి గురించీ తేల్చేయకండి. ఇరవై లెక్కపెట్టండి.