ఫ్రేము లేని పటాలను పది కాలాల పాటు దాచుకోవడం ఎలా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద బొమ్మల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని మనలో చాలామందిమి సొంత ఇల్లు వదిలి అపార్ట్‌మెంటుకో, పిల్లల దగ్గరకో మారేది ఈ వయసులోనే. ఆ మారేటప్పుడే గోడ మీది పటాలు కిందికి దిగుతాయి. ఫ్రేముకు చెద పట్టి ఉంటుంది, అద్దం పగిలి ఉంటుంది. ఫ్రేము పాతసామాన్ల వాడికి పోతుంది. లోపలి కాగితం చుట్ట చుట్టుకుని అటక ఎక్కుతుంది. అయిదారేళ్ళ తరువాత దింపి చూస్తే విప్పబోతేనే పెళుసుగా విరుగుతుంది. తాతలనాటి వస్తువు మన చేతుల్లోనే ముక్కలవుతుంది.

మన ఇళ్ళలో ఉన్నవి ఏమిటి?

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టారు. రంగుకొక రాయి చొప్పున చెక్కిన గీతలతో కాదు, రాతి మీద జిడ్డు సిరాతో గీసిన బొమ్మలతో అచ్చు వేసే పద్ధతి అది. తరువాత ఆ ముద్రణాలయం లోనావ్లా దగ్గరి మళవలికి మారింది. అక్కడ అచ్చయిన లక్ష్మీ, సరస్వతీ పటాలు మన తాతల ఇళ్ళలోకీ వచ్చాయి. మనవాళ్ళు కొన్నిటికి జరీ, చమ్కీలు కూడా కుట్టించుకున్నారు. ఇవి కాక వడ్డాది పాపయ్య గారు (1921–1992) 'చందమామ', 'యువ' పత్రికలకు వేసిన ముఖచిత్రాలను విడదీసి దాచుకున్నవారున్నారు. బాపు గారి బొమ్మల ప్రింట్లు కొని, ఫ్రేము కట్టించకుండా ఉంచుకున్నవారూ ఉన్నారు.

వీటన్నిటికీ వర్తించే సూత్రం ఒక్కటే. తిరిగి విప్పుకోలేని పని ఏదీ బొమ్మకు చేయకూడదు. ఈనాడు నేను చెప్పేదంతా ఆ సూత్రానికి వివరణే.

చేయకూడనివి

మొదటిది లామినేషన్. "జిరాక్సు షాపులో లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా" అని చాలామంది అడుగుతారు. శాశ్వతంగా ఉండేది ప్లాస్టిక్కు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాన్ని తింటూనే ఉంటుంది. పైగా వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది. దాన్ని మళ్ళీ ఊడదీయడం నిపుణులకు కూడా గగనమే.

రెండవది సెల్లోటేపు. దాని జిగురు కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది. టేపు ఊడిపోతుంది, మరక మిగులుతుంది. ఫెవికాల్‌తో అట్టకు అతికించడమూ ఇలాంటిదే. చినిగిన చోట తోచిన వైద్యం చేయడం కన్నా, చినిగిన ముక్కలతో సహా ఒక కవరులో ఉంచడమే మేలు.

మూడవది కత్తిరించడం. చిన్న ఫ్రేములో పట్టాలని అంచులు కోసేస్తుంటారు. రవివర్మ ప్రెస్సు పటాల్లో ముద్రణాలయం పేరు, ఊరి పేరు చాలా వాటిలో ఆ అంచు మీదే ఉంటాయి. అంచు పోతే పటం పుట్టుపూర్వోత్తరాలు పోయినట్లే.

నాలుగవది మన ఆచారానికి సంబంధించినది. అద్దం ఉన్నప్పుడు కుంకుమ బొట్టు అద్దం మీద పడేది. అద్దం తీసేశాక అదే బొట్టు నేరుగా కాగితం మీద పడుతుంది, ఇక పోదు. దీపం మసి, అగరువత్తుల పొగ కూడా అంతే. పూజకు వేరే పటం పెట్టుకోండి. దాచదలచిన దాన్ని దాచండి.

కాగితం ఎందుకు చెడుతుంది?

పూర్వం కాగితాన్ని పాత గుడ్డపీలికలతో చేసేవారు. 19వ శతాబ్దంలో చెక్క గుజ్జు వాడకం వచ్చింది. సిరా పాకకుండా పటిక కలపడం వల్ల కాగితంలో ఆమ్లం చేరింది. చవక కాగితం కాలం గడిచేకొద్దీ పచ్చబడి పెళుసెక్కేది అందుకే. ఎండా వెలుతురూ రంగులను వెలిసిపోయేలా చేస్తాయి. అలా పోయిన రంగు తిరిగి రాదు. ఇక తేమ సంగతి. గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిచి ఉంటే బూజు పడుతుంది. కోస్తా జిల్లాలలో ఇది ఏడాదిలో చాలా నెలలు ఉండే పరిస్థితే. ఆ తేమకు తోడు చెదలు, బొద్దింకలు, పుస్తకాలలో తిరిగే వెండిరంగు పురుగులు చేరతాయి.

దాచే పద్ధతి

చుట్ట చుట్టకుండా పరచి దాచడం ఉత్తమం. ఒక్కో బొమ్మను ఆమ్లం లేని కాగితంతో చేసిన మడతలో ఉంచాలి. 'యాసిడ్ ఫ్రీ' అని అడిగితే ఆర్టు సామాను దుకాణాలలో దొరుకుతుంది. అనుమానం ఉంటే, కాగితం ఆమ్లగుణాన్ని పరీక్షించే పెన్ను ఒకటి ఉంది. ఆ గీత ఊదారంగులోకి వస్తే కాగితం మంచిది, పసుపుగా ఉంటే ఆమ్లం ఉన్నట్లు. ఆ గీత గీయవలసింది చుట్టే కాగితం మీద మాత్రమే, బొమ్మ మీద కాదు. వార్తాపత్రికలలో, ఖాకీ కవర్లలో బొమ్మను చుట్టకండి. వాటిలోని ఆమ్లం బొమ్మకు పాకుతుంది.

బొమ్మ కదలకుండా ఉండాలంటే ఫోటో ఆల్బములలో వాడే మూలల వంటివి అదే కాగితంతో మడిచి పెట్టుకోవచ్చు. జిగురు మూలలకే అంటాలి, బొమ్మకు అంటరాదు. ఇలా పది పన్నెండు మడతలను ఒక గట్టి అట్టపెట్టెలో పరచండి. జరీ, చమ్కీలు ఉన్న పటాల మీద, వార్నిషు పూసిన పటాల మీద మరేదీ పెట్టకండి. వేసవి వేడికి వార్నిషు మెత్తబడి పై కాగితానికి అంటుకోవచ్చు.

పెట్టెను ఇనుప బీరువాలో మధ్య అరలో ఉంచండి. చెక్క బీరువా కన్నా ఇది నయం, ఎందుకంటే చెక్క నుంచి ఆమ్లపు ఆవిర్లు వెలువడతాయి. అటక మీద వేడి ఎక్కువ. స్నానాల గది గోడకు ఆనించిన బీరువాకు చెమ్మ ఎక్కువ. గాలి ఆడకుండా పాలిథిన్ సంచీలో కట్టేస్తే లోపలి తేమ లోపలే ఉండి బూజు పడుతుంది.

బొమ్మ మరీ పెద్దదై పరచే చోటు లేకపోతే, కనీసం 10 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టానికి ముందు ఆమ్లం లేని కాగితం చుట్టి, దాని మీద బొమ్మను వదులుగా చుట్టండి. ఇప్పటికే పెళుసెక్కిన కాగితాన్ని మాత్రం చుట్టవద్దు.

కలరా ఉండలు వేయమంటారా అని అడుగుతారు. వద్దు. ఆ ఆవిరి మనం పీల్చడానికీ మంచిది కాదు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క మొదలైనవి దంచి గుడ్డ మూటలుగా కట్టి తాళపత్రాల దగ్గర ఉంచే అలవాటుంది. అలాంటి మూట బీరువా మూలలో పెట్టుకోవచ్చు, బొమ్మకు తగలకూడదు. వేపాకు నేరుగా కాగితాల మధ్య పెడితే మరక పడుతుంది. అన్నిటినీ మించిన మందు మన కంటిచూపే. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, కార్తీక మాసంలో ఒకసారి పెట్టె తెరిచి చూడండి. శుభ్రమైన పొడి చేతులతో, కింద అట్ట ఆసరాగా పెట్టి ఎత్తండి.

వరద వస్తే

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ఎలా ముంచాయో మనకు తెలుసు. కింది అరలో ఏదీ పెట్టవద్దనడం అందుకే. ఒకవేళ తడిస్తే ఎండలో వేయకండి. నీడలో, ఫ్యాను గాలిలో, అద్దుడు కాగితం మీద పరచి ఆరనివ్వండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. నున్నటి ఆర్టు కాగితాలు తడిసి అంటుకుపోతే బలవంతంగా విడదీయకండి. పాలిథిన్ కవరులో పెట్టి ఫ్రీజరులో ఉంచి, మ్యూజియంలలో ఈ పని చేసే నిపుణుల సలహా తీసుకోండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇందుకు ఒక రసాయన పరిరక్షణ విభాగం ఉంది.

పిల్లలకు అప్పగించేటప్పుడు

విదేశాలలో ఉన్న పిల్లలు "నాన్నా, ఆ లక్ష్మీదేవి పటం నేను తీసుకుపోతాను" అంటారు. సంతోషమే. కాని నూరేళ్ళు దాటిన కళాఖండాలను దేశం దాటించడం మీద 1972 నాటి చట్టం ఆంక్షలున్నాయి. సూట్‌కేసులో సర్దేముందు పురావస్తు శాఖ వారిని అడగడం మంచిది.

చివరిగా ఒక్క మాట. బొమ్మ ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఎవరి పెళ్ళికి వచ్చింది అన్నవి మనకు మాత్రమే తెలుసు. మనతో పాటే అవి పోతే, మన మనవలకు అది పేరు తెలియని పాత కాగితం. చెత్తబుట్టకు పోయే కాగితాలు ఎక్కువగా అలాంటివే. అందుచేత ఆ వివరాలను మెత్తటి పెన్సిలుతో పై మడత మీద రాయండి. బొమ్మ వెనుక బాల్‌పెన్నుతో రాయకండి. సెల్‌ఫోనులో ఫోటో తీసి పిల్లలందరికీ పంపండి. ఎవరికి ఏది అన్నది కూడా మనం ఓపికగా ఉన్నప్పుడే చెప్పేస్తే తరువాత మాటపట్టింపులు రావు.