పై ఫోల్డరు అనుమతి - లోపలి కాగితాలు

(చిక్కడపల్లిలో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళలో ఇప్పుడు పి.పి.ఓ., పాసుబుక్కు, ఇంటి దస్తావేజులు అన్నీ పిల్లలు స్కాన్ చేసి కంప్యూటరులో పెడుతున్నారు. మంచిదే. అయితే ఆ ఫోల్డరు ఎవరు తెరవగలరో, ఎవరు మార్చగలరో మనలో ఎంతమంది చూసుకున్నాం? ఇంటిల్లిపాదీ ఒకే లాగిన్ వాడుతుంటే ఈ ప్రశ్నే లేదు, అంతా అందరిదే. ముందు ఎవరి లాగిన్ వారికి ఉండాలి.

విండోస్‌లో ఒక ఫోల్డరుకు ఇచ్చిన అనుమతి మామూలుగా అందులోని ఫోల్డర్లకు, ఫైళ్ళకు దానంతటదే దిగుతుంది. రికార్డు రూము తాళంచెవి ఉన్నవాడికి లోపలి బీరువాలన్నీ తెరిచి ఉన్నట్టే. "పెన్షన్" ఫోల్డరును అందరికీ తెరిచి ఉంచి, అందులో "బ్యాంకు" అని మరొకటి పెడితే అదీ అందరికీ తెరుచుకుంటుంది.

లోపలిదాన్ని విడిగా కట్టడి చేయాలంటే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ అనే వరుసలో వెళ్ళి ఈ వారసత్వాన్ని ఆపాలి. అప్పుడు యంత్రం అడుగుతుంది: పైనుంచి వచ్చిన అనుమతులను ఈ ఫోల్డరుకు సొంతం చేయాలా, పూర్తిగా తీసేయాలా? తొందరపడి రెండోది నొక్కితే మనకే తలుపు మూసుకుపోవచ్చు. మొదటిది ఎంచుకుని, అక్కర్లేని పేర్లు ఒక్కొక్కటే తీసేయడం క్షేమం.

సెక్షన్లలో పనిచేసినవారికి వింతగా తోచే సంగతి ఒకటుంది. పై ఫోల్డరులో ఒకరికి "వద్దు" అని ఉన్నా, లోపలి ఫైలు మీద ఆయన పేరిట నేరుగా "సరే" అని ఉంటే ఆ ఫైలు తెరుచుకుంటుంది. డైరెక్టరు ఉత్తర్వు మీద సూపరింటెండెంటు సంతకం నెగ్గినట్టు! మన రోజుల్లో అయితే మెమో వచ్చేది.

కాపీ చేసిన ఫైలు చేరిన ఫోల్డరు అనుమతులు తీసుకుంటుంది. అదే డ్రైవులో జరిపిన ఫైలు మాత్రం సాధారణంగా పాతవే వెంట తెచ్చుకుంటుంది, బదిలీ అయిన ఉద్యోగి సర్వీసు రిజిస్టరులాగా.

గూగుల్ డ్రైవులో ఫోల్డరును ఒకరికి షేర్ చేస్తే, రేపు అందులో వేసే కాగితం కూడా మామూలుగా వారికి కనబడుతుంది. జిరాక్సు షాపులో ఒక్క కాగితం ప్రింటు కోసం ఫోల్డరంతా పంపకండి, ఆ ఫైలే పంపండి.

చివరగా, మన ఇంటావిడ సంగతి. రేపు ఫ్యామిలీ పెన్షన్‌కు ఈ కాగితాలు వెతుక్కోవలసింది ఆవిడే. పై ఫోల్డరులో ఆవిడ పేరిట చదివే అనుమతి ఇవ్వండి. వారసత్వం ఆపిన లోపలి ఫోల్డర్లకు అది దిగదు, అక్కడ విడిగా చేర్చాలి. ఈ ఆదివారమే ఆవిడ లాగిన్‌తో ఆవిడ చేతనే ప్రతి ఫోల్డరూ తెరిపించి చూడండి.