దారిలో ఛార్జింగ్: ఒక ప్రయాణం, కొన్ని లెక్కలు



1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, తన భర్త తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. అప్పటికి పెట్రోలు బంకు అన్నదే లేదు. దారిలో ఒక మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని బండిలో పోసుకుంది. 2023 మే నెలలో సూర్యాపేటలో రోడ్డు పక్కన నిలబడి నేను ఆవిడనే తలచుకున్నాను.

మేము హైదరాబాద్ నుంచి విజయవాడ వెళుతున్నాం. ఎలక్ట్రిక్ కారు, వెనక సీట్లో ఎనభయ్యేళ్ల మా అత్తగారు. బ్యాటరీలో పట్టేది 30 యూనిట్లు. యూనిట్ అంటే మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండేదే. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో నడిపితే మా కారుకు 100 కిలోమీటర్లకు 17 యూనిట్లు ఖర్చవుతాయి. సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు. అంటే 23 యూనిట్లు అయిపోయాయి, 7 మిగిలాయి. అక్కడ ఛార్జర్ పనిచేస్తోందని ఫోన్‌లో చూపించింది. వెళ్లి చూస్తే తెర నల్లగా ఉంది. "నాలుగు రోజులైంది సార్" అన్నాడు వాచ్‌మన్.

తర్వాతి ఛార్జర్ కోదాడలో, 45 కిలోమీటర్ల దూరంలో. అదే వేగంతో వెళితే ఎన్ని యూనిట్లు కావాలో గుణించండి. ఏడున్నర దాటుతుంది. ఉన్నవి ఏడే!

ఇక్కడ భౌతికశాస్త్రం ఆదుకుంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుందని మీరు చదివే ఉంటారు. 95 నుంచి 55కు తగ్గితే గాలి కోసం ఖర్చయ్యే శక్తి మూడో వంతుకు పడిపోతుంది. టైర్ల రాపిడి మాత్రం పెద్దగా మారదు. ఆ 17 యూనిట్లలో గాలి వాటా తొమ్మిదిన్నర, మిగతావాటికి ఏడున్నర అనుకోండి. ఏసీ గంటకు ఒక యూనిట్ తీసుకుంటుందని దాన్నీ ఆపేశాను. "ఫర్వాలేదు బాబూ, మా రోజుల్లో బస్సుల్లో ఏసీలుండేవా?" అన్నారు అత్తగారు, కొంగుతో విసురుకుంటూ. లారీలన్నీ మమ్మల్ని దాటి వెళ్లాయి. కోదాడ చేరేసరికి 2 యూనిట్లు మిగిలాయి.

ఛార్జర్ పనిచేస్తోంది. కానీ ఇంకో కారు పెట్టి ఉంది, 88 శాతం నిండింది. దాని యజమాని నూరూ నింపుకుందామని టిఫిన్‌కి వెళ్లాడు. లిథియం అయాన్ బ్యాటరీకి ఇది తెలివైన పని కాదు. నిండే కొద్దీ అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి దూరడం కష్టమవుతుంది. బలవంతంగా నెడితే లిథియం లోహంగా పైనే పేరుకుని బ్యాటరీని పాడుచేస్తుంది. అందుకే కారే కరెంటును తగ్గించుకుంటుంది. సాధారణంగా 80 దాటాక వేగం బాగా మందగిస్తుంది. రైల్వే బోగీలో సీట్లన్నీ నిండాక చివరి నలుగురూ చోటు వెతుక్కున్నట్టు! దూర ప్రయాణాల్లో 80కి తీసేసి కదలడమే మీకూ, వెనక నిలబడ్డవాళ్లకూ మేలు.

ఇక ఛార్జర్ల మాట. జాతీయ రహదారులకు రెండు వైపులా 25 కిలోమీటర్లకొక ఛార్జింగ్ కేంద్రం ఉండాలని 2018 డిసెంబరులోనే కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలిచ్చింది. సంఖ్య పెరిగింది కూడా. అయితే పెట్టినవాటిని లెక్కపెట్టడం వేరు, పనిచేసేవాటిని లెక్కపెట్టడం వేరు. అమెరికాలో కేంద్ర నిధులతో పెట్టే ఛార్జర్ ఏడాదిలో 97 శాతం కాలం పనిచేయాలని 2023లో నియమం చేశారు. నా దృష్టిలో దూరం నియమం కన్నా ఈ నియమమే ముఖ్యం. 60 కిలోవాట్ల ఛార్జర్ ఒక్కటే డజను ఇళ్లకు మించిన లోడు. ట్రాన్స్‌ఫార్మర్, ఫోన్ నెట్‌వర్క్, డబ్బు చెల్లింపు, వీటిలో ఏది తెగినా మీరు రోడ్డు మీదే.

చివరగా మీకొక లెక్క. పైన చెప్పిన అంకెలతోనే, 55 వేగంతో, ఏసీ వేసుకునే వెళ్లి ఉంటే మేము కోదాడ చేరేవాళ్లమా? నేను ఇంటికొచ్చాక లెక్కగట్టాను. జవాబు మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.