వెలుగు తాకిన వజ్రం



డెబ్బది అయిదేండ్ల పండుగకు ప్లాటినం పేరు పెట్టినా, మన వాడుకలో దానిని తరచుగా వజ్రోత్సవమనే అంటాము. తెలుగు చలనచిత్ర పరిశ్రమ 2007లో తన 75 ఏండ్ల పండుగను ఆ పేరుతోనే జరుపుకొన్నది. ఆ మాటను ఆసరాగా చేసుకొని నేడు వజ్రం గురించే, అందులోనూ దానిపై లేసరు కిరణం పడినప్పుడు లోపల ఏమి జరుగుతుందో, మనవి చేస్తాను.

వజ్రంలో ప్రతి కర్బన పరమాణువు చుట్టూ ఉన్న నాలుగింటితో ఎలక్ట్రాన్లను పంచుకొని గట్టిగా పెనవేసుకొని ఉంటుంది. ఆ బంధం నుండి ఒక ఎలక్ట్రానును విడిపించడానికి సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. కంటికి కనిపించే వెలుగులో ఊదారంగు కిరణానికి సైతం ఉన్నది ఇంచుమించు 3 మాత్రమే. కనుకనే వెలుగు నిరాటంకంగా వజ్రాన్ని దాటిపోతుంది. వజ్రం పారదర్శకంగా ఉండడానికీ, విద్యుత్తును అడ్డుకోవడానికీ కారణం ఒక్కటే కావడం నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే విషయం.

213 నానోమీటర్ల అతినీలలోహిత లేసరుకు 5.8 ఎలక్ట్రాన్ వోల్టుల సత్తా ఉన్నది. అది తాకిన చోట, పైపొరలోనే, ఎలక్ట్రాన్లు బంధం వీడుతాయి. అవి లేచిన చోట ఖాళీలు మిగులుతాయి. ఈ సభలో ముందు వరుసవారు ఒకరు లేచిపోగా, వెనుకవారు ఒక్కొక్కరే ముందుకు జరిగితే ఖాళీ కుర్చీ వెనుకకు నడిచినట్లు కనబడుతుంది కదా! వజ్రంలో ఆ ఖాళీ కూడా అట్లే కదులుతుంది, దానిని రంధ్రమంటారు. పలక రెండు ముఖాలకు వోల్టేజి కలిపితే, దాని దిశను బట్టి ఎలక్ట్రాన్లో, రంధ్రాలో ఆవలి ముఖానికి పరుగెత్తుతాయి. ఆ పరుగు కొన్ని నానోసెకన్లు మొదలు కొన్ని పదుల నానోసెకన్ల వరకు సాగుతుంది. అంతసేపే విద్యుత్ ప్రవాహం కనిపిస్తుంది. ఆ కాలాన్ని కొలిస్తే వేగం తెలుస్తుంది.

2002లో స్వీడన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిన వజ్రంపై ఈ విధంగానే కొలిచారు. ఎలక్ట్రాన్ల చలనశీలత 4500, రంధ్రాలది 3800 అని తేలింది. సిలికానులో ఎలక్ట్రాన్లకు సుమారు 1400, రంధ్రాలకు 450. ఆ వజ్రం విశేషం దాని స్వచ్ఛత. నత్రజని వంటి కల్మషాలు దారిలో గుంటల వలె ఎలక్ట్రాన్లను పట్టివేస్తాయి. మన కొల్లూరు గనుల నుండి వెడలిన కోహినూరు వంటి గోల్కొండ వజ్రాలకు అంత కీర్తి రావడానికి కూడా నత్రజని దాదాపు లేకపోవడమే కారణం.

హూడి నుండి మల్లేశ్వరం వైపు వెళ్తే వచ్చే భారత విజ్ఞాన సంస్థలో ఈ కథకు పాత అధ్యాయం ఒకటి ఉన్నది. 1940 దశకంలో రామన్ గారి ప్రయోగశాలలో అన్నా మణి గారు వజ్రాలు వెలువరించే కాంతిని పరిశీలించారు. ఒక్కొక్క ఛాయాఫలకానికి 15 నుండి 20 గంటలు వెలుగు పట్టవలసి వచ్చేది. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆ నీలి వెలుగులో చాలా భాగం నత్రజని లోపాల నుండి వచ్చేదేనని తరువాతి వారు గ్రహించారు. ఆమెకు ముందే, 1930లో, వజ్రంలో రామన్ ఫలితం గురించి పత్రం ప్రకటించినవారు గుడివాడలో జన్మించిన సూరి భగవంతం గారు. ఆయనే 1957 నుండి 1962 వరకు ఆ సంస్థకు సంచాలకులు.

ఇంత వేగమున్నా వజ్రపు ట్రాన్సిస్టరు మన ఇండ్లకు ఇంకా రాలేదు. లేసరు పుట్టించే ఎలక్ట్రాన్లు క్షణికమైనవి. శాశ్వతంగా వాటిని సమకూర్చడానికి బోరాన్, భాస్వరం కలపాలి; మామూలు వేడిమిలో అవి చాల కొద్దిగానే ఎలక్ట్రాన్లను, రంధ్రాలను విడుదల చేస్తాయి. చిక్కంతా అక్కడే. సెర్న్ వంటి చోట కణాల జాడ తీసే పరికరాలలో మాత్రం వజ్రం ఇప్పటికే పనిచేస్తున్నది.

2023లో కేంద్రప్రభుత్వం కృత్రిమ వజ్రాల పరిశోధనకై మద్రాసు ఐఐటీకి అయిదేండ్లకు 242 కోట్ల రూపాయలు కేటాయించింది. అది నగల వ్యాపారానికి మాత్రమే తోడ్పడితే నాకు వెలితిగానే ఉంటుంది. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో నేల వెదికే జనం కోరేది మెరిసే రాయి. పరిశోధకుడికి కావలసినది ఎలక్ట్రాను ఆగకుండా దాటగల పలక. ఆ పలకను మనమే పెంచుకోగలగాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. రామన్ గారు సేకరించిన వజ్రాలు, ఖనిజాలు ఈ నగరంలోనే రామన్ పరిశోధన సంస్థలో ఉన్నాయి. అనుమతి తీసుకొని పదవ తరగతి పిల్లలకు వాటిని చూపించండి. వారు అడిగే ప్రశ్నలకు తెలుగులోనే సమాధానం చెప్పండి. పైన చెప్పినదంతా తెలుగులో ఇమిడినది గదా.